రెండు పేర్లు, ఒక ఎర్రగీత

ఈ ముచ్చటంతా పేర్ల గురించే. అయినా ఇందులో ఒక్కరి పేరు కూడా చెప్పను. చెబితే మా సోలాపూర్ భవాని పేట్ ఆడవాళ్ళు నలుగురు కూడబలుక్కుని నా ఇంటి మీదికి వస్తారు. వాళ్ళ నోళ్ళు నాకు తెలుసు.

తొంభైల మొదట్లో నాకు ఇరవై రెండేళ్ళు. నాన్న కుంఠా నాకా దగ్గర ఒక కార్ఖానాలో పవర్‌లూమ్ మీద టవల్స్ నేసేవాడు. అమ్మ ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది. నేను అశోక్ చౌక్‌లో ఒక మేడ మీద ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేశాను. మా గల్లీలో ఆ చదువు చదివిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ సంగతి తెలియని మనిషి గల్లీలో మిగలకుండా నేను చాలా శ్రద్ధ తీసుకునేదాన్ని. ముక్కు మీద కోపం నాకు పుట్టుకతోనే వచ్చింది. కోర్సు అయ్యేసరికి కళ్ళు కూడా నెత్తికెక్కాయి.

భవాని పేట్‌లో మా తెలుగు నేతవాళ్ళ ధర్మ దవాఖానా ఒకటి ఉండేది. కార్ఖానా సేట్ ఒకాయన తన ఆఫీసుకు కొత్త కంప్యూటర్ కొనుక్కుని, పాతదాన్ని ఆ దవాఖానాకు ఇచ్చాడు. ఇచ్చాడు సరే, దాన్ని ముట్టుకునే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు. అందుకని నన్ను పిలిచారు.

దవాఖానాలో ఇద్దరే మనుషులు. ఒకరు డాక్టర్‌సాబ్. మరాఠీ ఆయన, అరవై దాటాయి, ముప్పై ఏళ్ళకు పైగా అదే కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకు వచ్చిన తెలుగంతా రోగాల తెలుగే. నొప్పి, దగ్గు, వాంతులు, ఎన్ని దినాలు, నాలుక చూపించు. ఆరోగ్యంగా ఉన్న మనిషితో ఆయన తెలుగులో ఒక్క ముక్క కూడా మాట్లాడలేడు. నాతో మరాఠీలోనే మాట్లాడేవాడు.

రెండో మనిషి కట్లు కట్టి, సూదులు వేసి, కార్డులు తీసి ఇచ్చే ఆమె. అందరూ సిస్టర్‌బాయి అనేవాళ్ళు. మా తెలుగామే. మొగుడు పోయాక కొన్నేళ్ళు కార్ఖానాలో తెగిన పోగులు అతికే పని చేసి, తర్వాత దవాఖానాలో చేరి పదిహేనేళ్ళయింది. కంప్యూటర్ వచ్చిన రోజు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇది ఏం తింటది?" అని అడిగింది. కరెంటు అని చెప్పాను. "అయితే మన పేట్‌ల ఇది ఉపాసం ఉంటది," అంది. ఆమె అన్నది నిజమే. వారంలో ఒకరోజు మా వైపు కరెంటు ఉండేదే కాదు.

గోడ అవతల మగ్గాలు ఆడుతుంటే బల్ల అదిరేది, బల్లతో పాటు తెర మీది పచ్చటి అక్షరాలూ వణికేవి. పత్తి దుమ్ము కీబోర్డులోకి పోకుండా మా నాన్న నేసిన టవల్ కప్పేదాన్ని. దవాఖానాలో ఉన్న ఒక్క ఫ్యాన్‌ను కంప్యూటర్ వైపు తిప్పాల్సి వచ్చింది. డాక్టర్‌సాబ్ చెమటలు కారుస్తూ రోగులను చూసేవాడు. వచ్చిన ఆడవాళ్ళు ఆయన్ను వదిలిపెట్టి నా దగ్గరికొచ్చి చెయ్యి చాపేవాళ్ళు, నాడి చూడమని. ఒక ముసలామె తెర ముందు నోరు తెరిచి నాలుక కూడా చూపించింది. ఒకసారి ఫ్లాపీలోంచి వైరస్ వచ్చిందని చెబితే సిస్టర్‌బాయి మారు మాట్లాడకుండా ఫినాయిల్ సీసా, గుడ్డ తెచ్చింది. నేను అడ్డం పడకపోతే ఆ కంప్యూటర్ కథ ఆ రోజే ముగిసేది.

డాక్టర్‌సాబ్ మాత్రం నవ్వలేదు. మొదటి రోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెక్క డబ్బాలోంచి ఒక కార్డు తీసి చూపించాడు. ప్రతి రోగికీ ఒక కార్డు ఉండేది. ఆ కార్డు పైన అడ్డంగా ఎర్ర సిరాతో లావుపాటి గీత ఉంది.

"ఈ మనిషికి పెన్సిలిన్ పడదు. సూది వేస్తే ఊపిరాడదు," అన్నాడు. "నేను కొత్తగా డాక్టర్ అయినప్పుడు వేరే ఊళ్ళో ఒకామె నా కళ్ళ ముందే పోయింది. అప్పటినుంచి ఈ గీత గీస్తున్నాను. నీ కంప్యూటర్ ఇంకేం చేసినా చేయకపోయినా నాకు ఒకటే. నేను పేరు చెప్తాను. ఎర్రగీత ఉందో లేదో అది చెప్పాలి. ఉన్నదాన్ని లేదని చెప్పిందనుకో, దిద్దుకోవడానికి మనిషి ఉండదు."

ఇంతేనా అనుకున్నాను. కోర్సులో నేర్చుకున్నదానికి ఇది పిల్లలాట. పేరు, తండ్రి పేరో మొగుడి పేరో, ఇంటిపేరు, వయసు, వీధి, ఎర్రగీత ఉంది లేదా లేదు. ఆరు ఫీల్డులు. ఫీల్డ్ అంటే ఏమిటని డాక్టర్‌సాబ్ అడిగితే ఒక్కో విషయానికి ఒక్కో జాగా అని చెప్పాను. "అంటే వావర్," అన్నాడు సంతోషంగా. మరాఠీలో వావర్ అంటే చేను. అప్పటినుంచి మా ఇద్దరికీ అవి వావర్లే.

సరిగ్గా ఆ పని మొదలయ్యేటప్పుడు సిస్టర్‌బాయి కూతురి కానుపుకని భివండి వెళ్ళింది. నాకు హాయిగా అనిపించింది. ఆమె ఉంటే ప్రతి కార్డుకూ ఒక కథ చెబుతుంది. మూడు వారాలు ఒక్కదాన్నే కూర్చుని డబ్బాలన్నీ ఖాళీ చేశాను. కార్డుల్లో చాలావాటిని రెండేసి చొప్పున తెల్లదారంతో కట్టి ఉంచారు. మూల దగ్గర చిల్లు, చిల్లులో దారం, దానికి నేతవాళ్ళ ముడి. ఆ ముడి సన్నగా ఉంటుంది గానీ గోరుతో విప్పుదామంటే రాదు. రెండు కార్డుల మీదా పేర్లు వేరు, ఇంటిపేర్లు వేరు, వీధులు వేరు. జారిపోకుండా కట్టి ఉంటుంది, చాదస్తం, అనుకున్నాను. కత్తెర తెచ్చుకుని దారాలన్నీ కత్తిరించాను. కార్డులను తెలుగు అక్షరాల వరుసలో పేర్చి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, గోనెసంచుల్లో వేసి మేడ మీది గదిలో పడేయించాను. డబ్బాలు ఖాళీ అయిన చోట ఒక కుర్చీ వేసుకున్నాను.

సిస్టర్‌బాయి తిరిగొచ్చేసరికి కంప్యూటర్ నడుస్తోంది. "కార్డులేవి?" అంది. మీద ఉన్నాయి, ఇంక వాటితో పని లేదు అన్నాను. ఆమె ఖాళీ జాగా వైపు కాసేపు చూసి, మనవడు పుట్టాడని అందరికీ పేడాలు పంచింది. నాకు రెండిచ్చింది.

నాలుగైదు రోజులు అంతా బ్రహ్మాండంగా సాగింది. డాక్టర్‌సాబ్ లోపలి నుంచి పేరు చెప్పి "లాల్?" అని కేకేసేవాడు. నేను పేరు కొట్టి, గీత లేకపోతే "నాహీ," ఉంటే "ఆహే," అని అరిచేదాన్ని. ఆయన మొహంలో భయం తగ్గుతున్నట్టు నాకు కనిపించింది. రెండుసార్లు ఎర్రగీత దొరికింది కూడా. కార్డు వెతికే ఆలస్యం లేదు, దవాఖానా ముందు బారులు లేవు. సేట్ వచ్చి చూసి మెచ్చుకుని వెళ్ళాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున కొత్త కోడలొకామె వచ్చింది. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. గొంతు వాచి, జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది. అత్త కూడా వచ్చింది. డాక్టర్‌సాబ్ పేరు చెప్పి "లాల్?" అన్నాడు. కొట్టాను. పేరు ఉంది, మొగుడి పేరు ఉంది, గీత లేదు. "నాహీ," అన్నాను.

సిస్టర్‌బాయి సూదిలోకి పెన్సిలిన్ ఎక్కించింది. ముందు చర్మం కింద ఒక చుక్క వేసి చూడటం అలవాటే. కానీ పడని మనిషికి ఆ చుక్క కూడా ప్రమాదమేనని డాక్టర్‌సాబ్ ఎప్పుడూ అనేవాడు. ఆమె ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, దూదితో తుడుస్తూ, మొహంలోకి చూసింది. తుడవడం ఆపింది.

"నువ్వెవరి బిడ్డవే?"

పిల్ల వాళ్ళ నాన్న పేరు చెప్పింది. గొంతు వాపుకు మాట సరిగా రాలేదు.

"కుంఠా నాకాల పూలు నేసే జకాట్ మగ్గం నడిపిస్తడు, ఆయననా?"

"అవు బాయి."

సిస్టర్‌బాయి సూదిని పళ్ళెంలో పెట్టేసింది. తొందరపడకుండా నా బల్ల దగ్గరికి నడిచొచ్చింది. "ఏ పేరు కొట్టినవ్?"

చెప్పాను.

"గది అత్తగారింట్ల పెట్టిన పేరు. మాహేర్ పేరు కొట్టు."

మాహేర్ అంటే పుట్టిల్లు. ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. మరాఠీవాళ్ళ నుంచి మా సోలాపూర్ తెలుగువాళ్ళు నేర్చుకున్నది. పెళ్ళిలో పళ్ళెం నిండా బియ్యం పోసి, పెళ్ళికొడుకు ఉంగరంతో ఆ బియ్యంలో కొత్త పేరు రాస్తాడు. ఆ రోజు నుంచి పిల్లకు అదే పేరు. పేరు మారుతుంది, తండ్రి పేరున్న చోటికి మొగుడి పేరు వస్తుంది, ఇంటిపేరు మారుతుంది, ఇల్లు మారుతుంది. మారకుండా ఉండేది ఒంట్లో ఉన్న రక్తం ఒక్కటే. ఇది నాకు తెలియనిదా? అలాంటి పెళ్ళిళ్ళు ఎన్నింటిలో బూందీ తిన్నాను. బియ్యం పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను కూడా. అయినా కంప్యూటర్ ముందు కూర్చున్నాక ఆ తెలివి నాకు గుర్తుకు రాలేదు.

సిస్టర్‌బాయి పుట్టింటి పేరు చెప్పింది. కొట్టాను. ఇంకో మనిషి వచ్చింది తెర మీద. పెళ్ళికాని పిల్ల, కుంఠా నాకా, తండ్రి పేరు అదే. ఎర్రగీత: ఉంది.

తెర మీద కనిపిస్తూనే ఉంది. అయినా నోరు ఊరుకోలేదు. "కంప్యూటర్ తప్పు చెప్పలే," అన్నాను.

"అది అడిగిన దానికే జవాబు చెప్పింది," అంది సిస్టర్‌బాయి. "అడిగింది నువ్వు గదా. ఈ రెండు కార్డులు నేను దారంతోని కట్టి పెట్టిన. దారం ఏది?"

అప్పుడు అర్థమైంది నాకు కత్తెరతో ఏం కోశానో. పిల్ల పెళ్ళయి కొత్త పేరుతో దవాఖానాకు వచ్చిన మొదటిసారే సిస్టర్‌బాయి పాత కార్డు వెతికి, కొత్త కార్డు వెనుక పెట్టి, పోగు అతికినట్టు ముడి వేసేది. పదిహేనేళ్ళుగా అదే పని. డాక్టర్‌సాబ్ చేతికి రెండూ కలిపే వచ్చేవి గనక ఎర్రగీత కనిపించేది. వెనుక కార్డు ఎలా వచ్చిందని ఆయన ఎన్నడూ అడగలేదు. ఆమె చెప్పలేదు, అది చెప్పాల్సిన గొప్ప సంగతని ఆమెకు తోచలేదు. ఒకే మనిషికి రెండు పేర్లుంటాయని నా కోర్సులోనూ ఎవరూ చెప్పలేదు.

డాక్టర్‌సాబ్ పిల్లకు వేరే మందు రాసి పంపించాక బయటికొచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన తెర వైపు చూస్తూ, "కంప్యూటర్ పేరును ఎలా వెతుకుతుందో చెప్పు," అన్నాడు. ఒక్కో అక్షరం పోల్చుకుంటూ వెతుకుతుందని, ఒక్క అక్షరం తేడా ఉన్నా వేరే మనిషి అనుకుంటుందని చెప్పాను. చెబుతుంటే నాకే ఏడుపు ముంచుకొచ్చింది. మొన్నటిదాకా ఇదే సంగతిని గొప్పగా చెప్పుకున్నాను.

"మా కాలేజీలో పేరడగమన్నారు, వయసడగమన్నారు. పెళ్ళికి ముందు పేరేమిటని అడగమని ఎవరూ చెప్పలేదు," అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నవ్వడం మొదలుపెట్టాడు. "మా ఆవిడకూ రెండు పేర్లే. వాళ్ళమ్మ ఒకటి పిలుస్తుంది, నేనొకటి పిలుస్తాను. ముప్పై ఐదేళ్ళయింది పెళ్ళయి." సిస్టర్‌బాయికీ నవ్వొచ్చింది. చివరికి నాకూ వచ్చింది, ముక్కు చీదుకుంటూనే. "కొత్త వావర్ వెయ్యి," అన్నాడు.

ఏడో వావర్ వేశాను. పుట్టింటి పేరు. వెయ్యడం పది నిమిషాల పని. నింపేదెలా? గోనెసంచుల్లో కార్డులన్నీ కలిసిపోయాయి, సిస్టర్‌బాయికి కూడా అన్ని జతలూ గుర్తులేవు. వచ్చిన ప్రతి ఆడమనిషినీ అడగాల్సిందే. అంతదాకా కార్డులు కిందికి దించి, ఆమె డబ్బాలు ఆమెకు పెట్టి, నా కుర్చీ నేను తీసేశాను.

ఆ రెండు నెలలూ దవాఖానాలో రోగం తక్కువ, నవ్వులు ఎక్కువ. మా ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో చెప్పరు. పక్కనున్నవాళ్ళ చేత చెప్పిస్తారు. పుట్టింటి పేరు అడిగేసరికి మాత్రం గొంతులు లేచేవి. పేరు, నాన్న పేరు, అడగకపోయినా తాత పేరు, మానుకోటలోనో సిరిసిల్లలోనో ఉన్న ఊరు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వి నవ్వి దగ్గొచ్చి, దగ్గు మందు పట్టుకుని పోయింది. ఒక అత్త కోడలి పాత పేరు మొదటిసారి విని, "గిదే మంచిగుండె గదనే, ఎందుకు మార్చినం?" అని అక్కడే దిగులుపడింది. ఒక ముసలామెకు ఎంత ఆలోచించినా పేరు గుర్తు రాలేదు. మరునాడు పనిగట్టుకుని వచ్చి గుమ్మంలోంచే ఆ పేరు అరిచి చెప్పి, లోపలికి కూడా రాకుండా వెళ్ళిపోయింది. అట్లా అడిగి అడిగి మరో రెండు ఎర్రగీతలు వాటి మనుషులను చేరాయి. డాక్టర్‌సాబ్ ప్రతిసారీ నాకూ సిస్టర్‌బాయికీ కలిపి చాయ్ తెప్పించేవాడు.

అందరినీ అడిగాను, మా అమ్మను తప్ప. అడగాలనే తోచలేదు. మా అమ్మకు పేరుంది కదా అనుకున్నాను.

ఒకరోజు సాయంత్రం అమ్మ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంటే దవాఖానా ముచ్చట్లు చెబుతున్నాను. చెబుతూ చెబుతూ నోరు ఆగిపోయింది. అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది. మేనమామలు అక్కా అంటారు. ఇరవై రెండేళ్ళలో అమ్మ పుట్టింటి పేరు నేను ఒక్కసారి కూడా వినలేదు.

"అమ్మా, నీ మాహేర్ పేరేంది?"

"ఎందుకే ఇప్పుడు?" అంది. మళ్ళీ అడిగితే చెప్పింది. మెత్తగా చెప్పింది, ఎవరో పక్కింటి పిల్ల గురించి చెప్పినట్టు.

మరునాడు పొద్దున దవాఖానాకు వెళ్ళి, టవల్ తీసి, ఆ పేరు కొట్టాను. ఒక్కటే దొరికింది. పదకొండేళ్ళ పిల్ల, తండ్రి పేరు మా తాతది. ఎర్రగీత: ఉంది.

డబ్బాలోంచి కార్డు వెతికి తీశాను. గీత పాతబడి ఇటుక రంగుకు తిరిగింది. కింద డాక్టర్‌సాబ్ వయసులో ఉన్నప్పటి చేతిరాత: ఒంటి నిండా దద్దుర్లు, ఊపిరి అందలేదు. అమ్మ పెళ్ళి సిస్టర్‌బాయి దవాఖానాకు రాకముందు జరిగింది. ఆ కార్డుకు దారం ఎన్నడూ కట్టలేదు. అమ్మ ఇప్పటి కార్డును కంప్యూటర్‌లోకి ఎక్కించింది నేనే. ఎర్రగీత దగ్గర "లేదు" అని నా చేతులతోనే కొట్టాను.

అమ్మకు సూదంటే భయమని మా ఇంట్లో అందరం నవ్వేవాళ్ళం. కిందటేడు కాలికి దెబ్బ తగిలి చీము పట్టినప్పుడు సూది వద్దంటే వద్దని మొండికేసి, కట్టు ఒకటి కట్టించుకుని వచ్చేసింది. చదువు లేకపోతే ఇట్లనే ఉంటది అని ఆమెను నేను తిట్టాను. ఆ మాట గుర్తొచ్చి, కార్డు తీసుకెళ్ళి డాక్టర్‌సాబ్ ముందు పెట్టాను. ఆ రోజు ఆమె నా మాట వినుంటే ఏమయ్యేదో తెలియడానికి ఆ గీత చాలు. ఆయన కార్డు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంటికి పో," అన్నాడు. నాతో ఆయన అన్న మొదటి తెలుగు మాట అది.

అమ్మ ఇంట్లో బీడీ ఆకులు కత్తిరిస్తోంది. పక్కన కూలబడి అడిగాను, చిన్నప్పుడు సూది పడలేదని ఎందుకు చెప్పలేదని.

"సూదితోని కాదే అది. ఆ దినం వంకాయ తిన్న," అంది. అందుకే మా ఇంట్లో ఆమె వంకాయ ముట్టదు. "గప్పట్నుంచి సూదన్నా మనసొప్పదు. వట్టిగనే."

"మరి డాక్టర్‌సాబ్‌కు చెప్పాలె గదా ఇన్నేండ్ల నుంచి."

"నన్నెవరడిగిండ్రు?"

ఆమె కత్తెర ఆపలేదు. ఆకు తిరుగుతోంది, ముక్కలు ఒళ్ళో పడుతున్నాయి. నాకు ఏమనిపించిందో ఏమో, కన్నతల్లిని పేరు పెట్టి పిలవకూడదని తెలిసీ, ఆ పాత పేరుతో మెల్లగా పిలిచాను.

"ఓ," అంది అమ్మ వెంటనే, తల ఎత్తకుండానే, లోపలి గదిలోంచి వాళ్ళమ్మ పిలిచినట్టు.